అవకాశవాదం: ఒక నిందామాట చరిత్ర

చేతికందిన అదనును సొంత లాభానికి వాడుకోవడం, అందుకోసం అంతవరకు పట్టుకున్న సిద్ధాంతాన్నో, వెంట నిలిచిన మనుషులనో, ఇచ్చిన మాటనో వదిలేయడం అనే వైఖరికి తెలుగులో ఉన్న పేరు అవకాశవాదం. అదను, స్వలాభం, మాట తప్పడం అనే మూడూ కలిస్తేనే ఆ పేరు అతుకుతుంది. తొలకరి పడగానే విత్తనాలు చల్లే రైతు అదనును లాభం కోసమే వాడుకుంటాడు. కానీ ఎవరికీ మాట తప్పలేదు కాబట్టి అతడు అవకాశవాది కాడు. ఎదురుదెబ్బ తగిలాక దారి మార్చుకున్న సేనాపతి కూడా కాడు, ఎందుకంటే అతని గమ్యం మారలేదు. గమ్యమే మారిపోయి, ఆ మార్పు వల్ల మారినవాడు ఒక్కడే బాగుపడినప్పుడు జనం నోట ఈ మాట వస్తుంది.

దీనికి దగ్గరగా ఉండే మాటలు కొన్ని ఉన్నాయి. సమయస్ఫూర్తి మెచ్చుకోలు. లౌక్యం సగం మెచ్చుకోలు, సగం వెటకారం. రాజీ అంటే ఇరుపక్షాలూ తలా కొంత వదులుకుని, బాహాటంగా చేసుకునే ఒప్పందం. స్వార్థం వీటన్నిటికంటే విశాలమైనది. స్వార్థపరుడు జీవితమంతా ఒకే తీరుగా ఉండవచ్చు, అవకాశవాది మాత్రం ఎప్పుడో ఒకప్పుడు మారి తీరాలి. మారడమే అతని గుర్తు.

అవకాశం సంస్కృతం నుంచి వచ్చిన మాట. చోటు, ఖాళీ, ఎడం అనేవి దాని పాత అర్థాలు. వీలు, అదను అనే అర్థాలు వాటి నుంచే వచ్చాయి. ఇదే భావానికి హిందీలో అవసర్‌వాద్, మలయాళంలో అవసరవాదం అంటారు. తెలుగులో అవసరం అంటే అక్కర అనే అర్థం స్థిరపడిపోయింది కాబట్టి ఆ మాట ఇక్కడ పొసగేది కాదు. తమిళులు సందర్భవాదం అంటారు, బెంగాలీలు సౌకర్యాన్ని ముందుకు తెచ్చి సుబిధాబాద్ అంటారు. మరాఠీలో సంధిసాధు, కన్నడంలో సమయసాధక అనే మాటలు వాదాన్ని పక్కనపెట్టి నేరుగా మనిషినే పట్టుకుంటాయి.

తెలుగు మాట చివర వాదం ఉండటం వల్ల అది జాతీయవాదం, సామ్యవాదం వంటి వాటి వరసలో చేరింది. అయితే ఆ వాదాలకు పుస్తకాలున్నాయి, జెండాలున్నాయి, తామే ఫలానా అని గర్వంగా చెప్పుకునే అనుచరులున్నారు. అవకాశవాదానికి ఇవేవీ లేవు. ఇది ఎదుటివాడికి తగిలించే పేరు. పైగా అది తీర్పు చెప్పేది కంటికి కనిపించే పని మీద కాదు, ఆ పని వెనక ఉన్న ఉద్దేశం మీద. నూట యాభై ఏళ్లుగా ఈ మాట చుట్టూ నడిచిన వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

సామెతల్లో ఉన్న అవకాశవాది

మాట కొత్తదైనా మనిషి పాతవాడే. తెలుగు సామెతలు, నానుడులు అతణ్ని చాలాకాలంగా ఎరుగును. పైగా అవి అతని నడవడిని దశలవారీగా విడదీసి చూపిస్తాయి. ఎటు దూకాలో తేల్చుకోకుండా రెండు పక్కలా చూస్తూ కూర్చున్నవాడు గోడ మీద పిల్లి. రోజుకో వైఖరి మార్చడమే అలవాటైనవాడు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. పని గడిచేదాకా ఓడ మల్లయ్య అని గౌరవంగా పిలిచి, ఏరు దాటాక బోడి మల్లయ్య అనేవాడు సాయం చేసినవాణ్ని మరిచినవాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడు అంతకంటే ఒక మెట్టు పైన ఉన్నాడు, వెనక వచ్చేవాళ్లకు దారే లేకుండా చేస్తాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాడు పరుల ఆపదలో లాభం వెతికేవాడు. గందరగోళంలో ఎవరూ గమనించకుండా తన పని చక్కబెట్టుకునేవాడు సందట్లో సడేమియా.

అదను వాడుకోవడాన్ని సామెతలు తప్పుపట్టలేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని చెప్పేదీ అవే. అవి ఎత్తిచూపిన తప్పు వేరొకటి. వాటిలో ఘాటైన సామెతల్లో నష్టపోయినవాడు ఒకడు కనిపిస్తాడు. ఇల్లు కాలినవాడో, ఓడ నడిపిన మల్లయ్యో, తెప్ప కోసం ఎదురుచూసేవాడో అక్కడ ఉంటాడు. అవకాశవాదాన్ని తెలుగువారు కొలిచిన కొలబద్ద ఇదే.

సాహిత్యంలో ఈ రకం మనిషికి చిరునామా గిరీశం. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, బాగా పెరిగి మారిన రెండో కూర్పు 1909లో వచ్చింది. పూటకూళ్లమ్మ డబ్బు వాడుకున్న గిరీశమే అగ్నిహోత్రావధానులు ఇంట్లో పిల్లవాడికి ఇంగ్లీషు చెప్పే గురువుగా చేరతాడు. వితంతు వివాహం అనే సంస్కరణను అడ్డం పెట్టుకుని ఆ ఇంటి ఆడపడుచు బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. సంస్కరణోద్యమం బలంగా సాగుతున్న రోజుల్లో, ఆ ఉద్యమపు మాటలనే పెట్టుబడిగా వాడుకునేవాడు ఎలా ఉంటాడో గురజాడ చూపించారు. అవకాశవాది అనే ముద్ర తెలుగులో వాడుకకు రాకముందే ఆ మనిషి రంగస్థలం ఎక్కాడు. ఇవాళ్టికీ గిరీశం పేరు ఒక తిట్టుగా చెల్లుతూనే ఉంది.

ఫ్రాన్సులో పుట్టిన ముద్ర

తెలుగు మాటకు వెనక ఉన్న ఐరోపా మాట ఆపర్చునిజం. దాని మూలమైన లాటిన్ విశేషణం ఓడను రేవు వైపు నడిపే గాలికి సంబంధించినది. రేవు చేర్చే గాలి మంచి గాలి కాబట్టి అనుకూలమైన, తగిన సమయపు అనే అర్థాలు అందులోంచి వచ్చాయి. మొదట్లో ఆ మాటలో తప్పుపట్టే ధ్వని లేదు.

రాజకీయంగా రంగులు మార్చేవారికి ఫ్రాన్సులో అంతకుముందు వేరే పేరుండేది. గాలి ఎటు వీస్తే అటు తిరిగే కోడిపుంజు ఆకారపు గాలిసూచికల పేరే వారికి పెట్టారు. 1789 విప్లవం, నెపోలియన్ సామ్రాజ్యం, బూర్బన్ రాజుల పునరాగమనం పాతికేళ్లలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రతి ప్రభుత్వానికీ విధేయత ప్రకటించి ప్రతి ప్రభుత్వంలోనూ పదవి పొందిన ప్రముఖుల వివరాలతో 1815లో పారిస్‌లో ఏకంగా ఒక నిఘంటువే వెలువడింది.

1870లో వాటికన్ మహాసభలో అనువు అనే భావం వివాదానికి కేంద్రమైంది. పోప్ కొన్ని సందర్భాల్లో పొరపాటుకు అతీతుడని ప్రకటించాలన్న ప్రతిపాదనను కొందరు బిషప్పులు అడ్డుకున్నారు. సిద్ధాంతం తప్పని వారిలో చాలామంది అనలేదు, ఇది దానికి తగిన సమయం కాదన్నారు. అందుకే వారికి అననుకూలవాదులు అనే అర్థం వచ్చే పేరు పడింది. సరైనదేమిటి, సరైన సమయమేది అనే రెండు ప్రశ్నలను విడదీసి చూడటం అప్పటికే చర్చల్లోకి వచ్చింది.

ఆపర్చునిస్టు అనే రాజకీయ ముద్ర మూడో రిపబ్లిక్ తొలి ఏళ్లలో పుట్టింది. దాన్ని మోసింది లియాన్ గాంబెట్టా వర్గం. గాంబెట్టా 1869లో పారిస్‌లోని బెల్‌విల్ నుంచి ఎన్నికైనప్పుడు ఆయన కార్యక్రమం తీవ్రమైనది. చర్చిని, రాజ్యాన్ని వేరుచేయాలి, స్థిర సైన్యాన్ని రద్దుచేయాలి, ప్రాథమిక విద్య ఉచితంగా, నిర్బంధంగా, మతప్రమేయం లేకుండా ఉండాలి అన్నవి అందులో కొన్ని. 1871లో ఎన్నికైన జాతీయసభలో మాత్రం రాచరికవాదులదే ఆధిక్యం. వారిలో వారికి పడకపోవడమే రిపబ్లిక్‌కు ఊపిరి పోసింది. 1875 జనవరి 30న దేశాధ్యక్షుడి ఎన్నికకు సంబంధించిన సవరణ 353కు 352 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో గెలవడంతో రిపబ్లిక్ రాజ్యాంగపరంగా నిలబడింది. దానికి మూల్యంగా రిపబ్లికన్లు తమకు ఇష్టంలేని సెనేట్‌ను ఒప్పుకోవాల్సి వచ్చింది. నిన్నటి తీవ్రవాది గాంబెట్టా ఈ రాజీని సమర్థించడమే కాక, తన వాళ్లను ఒప్పించారు కూడా.

1871 పారిస్ కమ్యూన్ తిరుగుబాటులో శిక్షపడినవారికి క్షమాభిక్ష ఇవ్వాలన్న డిమాండ్ తర్వాత ముందుకొచ్చింది. 1876లో ఆ ప్రతిపాదన చట్టసభల్లో వీగిపోయింది. గాంబెట్టా వర్గం దానికి అదను ఇంకా రాలేదంది. కమ్యూన్ తర్వాత న్యూకలెడోనియాకు ప్రవాసశిక్ష పడి, 1874లో అక్కడి నుంచి తప్పించుకున్న పాత్రికేయుడు హెన్రీ రోష్‌ఫోర్‌కు ఇది ఒళ్లు మండించింది. అదను, అనువు అంటూ కాలం గడిపేవారిని ఆయన 1876లో ఆపర్చునిస్టులు అని ఎద్దేవా చేశారు. ఆ మాట పత్రికల్లో పాకిపోయింది. గాంబెట్టా తన పద్ధతిని ఫలితాల రాజకీయం అనేవారు, కానీ చరిత్ర పుస్తకాల్లో నిలిచింది ఎదుటివాడు పెట్టిన పేరే.

ఆ తర్వాత జరిగినవి చూస్తే ముద్ర వేసినవారు, వేయించుకున్నవారు ఇద్దరి లెక్కా తారుమారైంది. 1880 జూలైలో కమ్యూన్ తిరుగుబాటుదారులకు పూర్తి క్షమాభిక్ష వచ్చింది. దానికోసం పట్టుబట్టినవారిలో గాంబెట్టా ముందున్నారు. రోష్‌ఫోర్ తిరిగి పారిస్ చేరింది ఆ చట్టం పుణ్యానే. అదే వర్గానికి చెందిన జూల్ ఫెర్రీ 1881, 1882 చట్టాలతో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం, మతనిరపేక్షం చేశారు. పత్రికా స్వేచ్ఛ చట్టం 1881లోను, కార్మిక సంఘాలకు గుర్తింపు 1884లోను వచ్చాయి. చర్చిని, రాజ్యాన్ని విడదీయడం మాత్రం 1905 దాకా ఆగింది. స్థిర సైన్యం రద్దు మాట మరుగున పడిపోయింది. మరోవైపు, ఆపర్చునిస్టుల మీద నిప్పులు చెరిగిన రోష్‌ఫోర్ 1880ల చివర జనరల్ బులాంజే నియంతృత్వ ధోరణికి జై కొట్టి, డ్రైఫస్ వ్యవహారంలో నిర్దోషి అయిన యూదు అధికారికి వ్యతిరేకంగా నిలిచారు. వాయిదా వేసినవాళ్లంతా వదిలేసినవాళ్లు కారని, ముద్ర వేసినవాళ్లంతా స్థిరచిత్తులు కారని ఈ మొదటి ఉదాహరణే చూపించింది.

సోషలిస్టుల చేతిలో

ఫ్రాన్సులో ఒక వర్గానికి పేరైన మాట జర్మన్, రష్యన్ సోషలిస్టుల చేతిలో సిద్ధాంత పరిభాషగా మారింది. 1891లో జర్మన్ సోషల్ డెమొక్రాట్ల ఎర్‌ఫుర్ట్ కార్యక్రమాన్ని విమర్శిస్తూ ఎంగెల్స్ ఒక ముఖ్యమైన మెలిక పెట్టారు. తక్షణ లాభాల కోసం ఉద్యమ భవిష్యత్తును బలిపెట్టడం అవకాశవాదమే, అది నిజాయితీగా చేసినా అవకాశవాదమే, నిజానికి నిజాయితీతో కూడినదే మరింత ప్రమాదకరం కావచ్చు అన్నది ఆయన భావం. దీంతో మాట అర్థంలోంచి స్వలాభం జారిపోయింది. డబ్బుకో పదవికో ఆశపడని మనిషి కూడా అవకాశవాది కావచ్చు.

1899లో ఈ తగాదా రెండు చోట్ల ఒకేసారి రాజుకుంది. జర్మనీలో ఎడ్వర్డ్ బెర్న్‌స్టయిన్, పెట్టుబడిదారీ వ్యవస్థ త్వరలో కూలిపోతుందన్న అంచనా తప్పని, క్రమంగా సంస్కరణలు సాధించడమే కార్మికుల దారి అని పుస్తకం రాశారు. రోజా లక్సెంబర్గ్ దానికి ఘాటుగా బదులిచ్చారు. ఫ్రాన్సులో సోషలిస్టు నాయకుడు మిల్లెరాన్ మంత్రివర్గంలో చేరారు. అదే మంత్రివర్గంలో కమ్యూన్‌ను రక్తపాతంతో అణచిన జనరల్ గాలిఫే యుద్ధమంత్రి. ఒకవైపు డ్రైఫస్ వ్యవహారంలో రిపబ్లిక్‌ను కాపాడాలన్న వాదన, మరోవైపు చనిపోయినవారికి ద్రోహమన్న ఆగ్రహం ఐరోపా సోషలిస్టులను చీల్చాయి.

1914 ఆగస్టు 4న జర్మన్ సోషల్ డెమొక్రాట్లు పార్లమెంటులో యుద్ధ రుణాలకు ఓటేశారు. యుద్ధాన్ని ఎదిరిస్తామని అంతర్జాతీయ వేదికల మీద తీర్మానాలు చేసిన పార్టీ అది. లెనిన్‌కు ఈ ఓటు అవకాశవాదం పరాకాష్ఠగా కనిపించింది. దాన్ని ఆయన నాయకుల గుణదోషాలతో వివరించలేదు. వలసల దోపిడీ నుంచి వచ్చే లాభాల్లో చిన్న వాటా అందుకునే మెరుగైన కార్మికుల పొర ఒకటి తయారైందని, మొత్తం వర్గపు శాశ్వత ప్రయోజనాన్ని ఆ పొర తాత్కాలిక ప్రయోజనానికి బలిపెట్టడమే అవకాశవాదమని విశ్లేషించారు. వ్యక్తి దోషంగా ఉన్నది సామాజిక లక్షణం అయింది. ఇక్కడా ఒక తమాషా జరిగింది. అవకాశవాదానికి ప్రతినిధిగా దాడికి గురైన బెర్న్‌స్టయిన్ 1915 నాటికి యుద్ధ రుణాలను వ్యతిరేకించి, 1917లో యుద్ధ వ్యతిరేక సోషలిస్టుల పార్టీలో చేరారు.

రాజీలన్నిటినీ అవకాశవాదమంటే రాజకీయమే సాగదు. 1920లో అతివాద ధోరణులను విమర్శిస్తూ రాసిన పుస్తకంలో లెనిన్ ఈ తేడా చెప్పడానికి దారిదోపిడీ ఉదాహరణ తీసుకున్నారు. ప్రాణం దక్కించుకోవడానికి దొంగలకు డబ్బు ఇచ్చినవాడూ, దోచినదాంట్లో వాటా కోసం దొంగలకు డబ్బు ఇచ్చినవాడూ చేసిన పని ఒకటే, ఉద్దేశాలు వేరు. పని ఒకటే అయినప్పుడు ఉద్దేశాన్ని ఎలా తేల్చాలన్న చిక్కు అక్కడే ఉండిపోయింది.

తెలుగు రాజకీయ భాషలోకి

తెలుగులో ఈ మాటకు పదును పెట్టినవారు కమ్యూనిస్టులు. పార్టీ పత్రికలు, కరపత్రాలు, రాజకీయ పాఠశాలల ద్వారా మితవాద అవకాశవాదం, అతివాద అవకాశవాదం, సంస్కరణవాదం, రివిజనిజం వంటి మాటలు జిల్లా కార్యకర్త దాకా చేరాయి. ఉద్యమానికి చేతనైనదానికంటే తక్కువ అడిగి సర్దుకుపోవడం మితవాద అవకాశవాదం. బలాబలాలు చూడకుండా ముందుకు దూకి ఉద్యమాన్ని దెబ్బతీయడం అతివాద అవకాశవాదం. రెండోదాంట్లో స్వలాభం ఏ కోశానా లేదు కాబట్టి వీధి వాడుకలోని అర్థానికీ పార్టీ పరిభాషకూ ఎడం పెరిగింది.

పార్టీ చరిత్రలోని మలుపులన్నీ ఈ మాటల సాక్షిగానే జరిగాయి. 1948 కలకత్తా మహాసభలో పి.సి. జోషి విధానాన్ని సంస్కరణవాదమని తోసిపుచ్చి బి.టి. రణదివేను ప్రధాన కార్యదర్శిని చేశారు. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే 1950లో రణదివే విధానం అతివాదమన్న విమర్శకు గురైంది. ఆంధ్ర నాయకుడు చండ్ర రాజేశ్వరరావు ఆ స్థానంలోకి వచ్చారు. 1951లో ఆయన కూడా తప్పుకున్నారు, ఆ ఏడాది అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. 1964 జూలైలో తెనాలిలో జరిగిన సదస్సు తర్వాత పార్టీ రెండుగా చీలినప్పుడు, విడిపోయి మార్క్సిస్టు పార్టీగా ఏర్పడినవారు ఉన్నవారిని రివిజనిస్టులని, అంటే మూల సిద్ధాంతాన్ని సవరించేవారని అన్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1968లో తరిమెల నాగిరెడ్డి తదితరులు మార్క్సిస్టు పార్టీ నుంచి విడిపోతూ అదే విమర్శను ఆ పార్టీ మీద చేశారు. నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. పార్టీ మారినవాడు పదవి వదులుకుంటే అవకాశవాది అనే మాట అతనికి అంటుకోదని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది.

ఆయారాం గయారాం

కమ్యూనిస్టుల గోడలు దాటి ఈ మాటను ఇంటింటి మాట చేసింది పార్టీ ఫిరాయింపు. ఫిరాయింపులు స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికల నుంచే ఉన్నాయి. 1952లో మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. టంగుటూరి ప్రకాశం నాయకత్వంలోని ప్రతిపక్ష కూటమి తన బలం 166 అంది. గవర్నర్ పిలిచింది మాత్రం రాజాజీని. చిన్న పార్టీల సభ్యులు ఆయన వైపు చేరడంతో మంత్రివర్గం నిలబడింది. మరుసటి ఏడాది అదే ప్రకాశం ప్రజా సోషలిస్టు పార్టీని వీడి, కాంగ్రెస్ మద్దతుతో 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కొత్త రాష్ట్రానికి అందరికీ ఆమోదమైన పెద్ద కావాలన్నది ఒక వివరణ, పదవి కోసమే పార్టీ వదిలారన్నది మరో వివరణ. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

1967 ఎన్నికల్లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ ఆధిక్యం కరిగిపోవడంతో ఒక్కో శాసనసభ్యుడి ఓటుకూ విలువ పెరిగింది. హరియాణాలో స్వతంత్రుడిగా గెలిచిన గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పక్షం మార్చారు. ఆయన తిరిగి తమ గూటికి చేరినప్పుడు ఆ పక్షం నాయకుడు రావు బీరేంద్ర సింగ్, గయారాం ఇప్పుడు ఆయారాం అయ్యాడని పరిచయం చేశారు. వెళ్లినవాడు వచ్చాడన్న ఆ హిందీ చమత్కారం దేశమంతటా జాతీయమైంది. తెలుగు పత్రికలు దాన్ని ఉన్నదున్నట్టుగానే తీసుకున్నాయి.

ఫిరాయింపుల మీద పరిశీలనకు పునాది వేసింది తెలుగు సభ్యుడే. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైన పెండేకంటి వెంకటసుబ్బయ్య ప్రతిపాదించిన తీర్మానాన్ని 1967 డిసెంబరు 8న లోక్‌సభ ఆమోదించింది. దాని ప్రకారం హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘంలో జయప్రకాశ్ నారాయణ్, హృదయనాథ్ కుంజ్రూ, ఎం.సి. సెతల్వాడ్ వంటివారున్నారు. మొదటి నుంచి నాలుగో సాధారణ ఎన్నికల వరకు మొత్తం మీద 542 ఫిరాయింపులు జరిగితే, 1967 మార్చి నుంచి 1968 ఫిబ్రవరి వరకు ఒక్క ఏడాదిలోనే 438 జరిగాయని ఆ సంఘం లెక్క తేల్చింది. కొన్ని రాష్ట్రాల్లో ఫిరాయించిన 210 మంది శాసనసభ్యుల్లో 116 మందికి మంత్రి పదవులు దక్కాయి. ఉద్దేశాన్ని నిరూపించలేకపోయినా, ప్రతిఫలం ఏమిటో ఆ అంకె చెప్పింది.

సంఘం 1969లో ఇచ్చిన నివేదికలో ఫిరాయింపును నిర్వచించిన తీరు గమనించదగ్గది. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, పార్టీ నిర్ణయంతో నిమిత్తం లేకుండా తనంత తాను ఆ పార్టీ బంధాన్ని తెంచుకున్నవాడు ఫిరాయింపుదారు. ఆశ, స్వార్థం, అవకాశవాదం అనే మాటలకు అందులో చోటులేదు. మనసులోని మాటను కోర్టులో రుజువు చేయలేరు కాబట్టి బయటికి కనిపించే చర్యనే పట్టుకున్నారు. 1973, 1978 బిల్లులు చట్టం కాలేదు. ఈలోగా 1980 జనవరిలో హరియాణాలో ముఖ్యమంత్రి భజన్‌లాల్ జనతా ప్రభుత్వాన్ని మంత్రులతో సహా ఇందిరా కాంగ్రెస్ ప్రభుత్వంగా మార్చేశారు. 1984 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్‌లో గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావును తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. శాసనసభ్యులను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించాల్సి వచ్చింది. నెల రోజుల ఆందోళన తర్వాత సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

1985 మార్చి 1 నుంచి 52వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి పదో షెడ్యూలు ఏర్పడింది. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదిలినా, విప్‌ను ధిక్కరించి ఓటేసినా సభ్యుడు అనర్హుడు. అయితే మూడో వంతు సభ్యులు విడిపోతే చీలికగా, మూడింట రెండొంతులు వేరే పార్టీలో కలిస్తే విలీనంగా చెల్లుబాటయ్యేది. ఒక్కడు మారితే తప్పు, గుంపుగా మారితే ఒప్పు అన్న విమర్శ వచ్చింది. 2003 నాటి 91వ సవరణ చీలిక మినహాయింపును తీసేసి, మంత్రుల సంఖ్యకు 15 శాతం పరిమితి పెట్టింది. స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని కిహోటో హొల్లోహన్ కేసు తేల్చింది. రాజీనామా పత్రం లేకున్నా నడవడిని బట్టి సభ్యత్వం వదులుకున్నట్టు భావించవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు అంది.

చట్టం పట్టుకున్నది చర్యను కాబట్టి తప్పించుకునే దారులు కూడా చర్యల్లోనే దొరికాయి. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది శాసనసభ్యులు తెలుగుదేశంలో చేరారు. వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. అనర్హత పిటిషన్లు తేలకుండానే సభ కాలం ముగిసింది. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో 12 మంది అప్పటి అధికార పక్షంలో విలీనమయ్యారు. అదే నెలలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిశారు. రెండు చోట్లా లెక్క సరిగ్గా మూడింట రెండొంతులే. తెలంగాణలో భారత రాష్ట్ర సమితి నుంచి వెళ్లిన పదిమంది శాసనసభ్యుల మీద వచ్చిన పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది.

ఇతర రంగాల్లో

అర్థశాస్త్రంలో ఈ మాటకు నింద పోయి కొలత వచ్చింది. 1975లో ఆలివర్ విలియమ్సన్ అవకాశవాదాన్ని కపటంతో కూడిన స్వలాభాపేక్షగా నిర్వచించారు. అందరూ అలా ఉండరు, కానీ ఎవరు అలా ఉంటారో ముందుగా తెలియదు, అందుకే ఒప్పందాలు, హామీలు, తనిఖీలు, చివరికి పెద్ద సంస్థలు కూడా అవసరమవుతాయన్నది ఆయన వాదన. 2009లో ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ లభించింది. చెరకు రైతు పరిస్థితి దీనికి మంచి ఉదాహరణ. నరికిన చెరకును వెంటనే ఆడకపోతే చక్కెర దిగుబడి పడిపోతుంది. దగ్గర్లో మిల్లు ఒక్కటే ఉంటే, నరికాక బేరం తగ్గించే వీలు ఆ మిల్లుకు ఉంటుంది. ధరను, కొనుగోలును ముందే కట్టుదిట్టం చేయడం ఇలాంటి చోటే అక్కరకొస్తుంది.

వైద్యంలో ఈ మాటకు ఉద్దేశంతో పనే లేదు. ఆరోగ్యవంతుణ్ని ఏమీ చేయలేక, రోగనిరోధక శక్తి తగ్గినవాణ్ని పట్టుకునే సూక్ష్మజీవుల జబ్బులను అవకాశవాద ఇన్ఫెక్షన్లు అంటారు. లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకుల్లో కనిపించినట్టు 1981 జూన్‌లో వెల్లడైన అరుదైన న్యుమోనియా ఎయిడ్స్‌ను బయటపెట్టింది. భారతదేశంలో హెచ్ఐవీ ఉన్నవారిలో క్షయ ఈ కోవలో ముందుంటుంది. 2021లో కరోనా రెండో దశలో బ్లాక్ ఫంగస్‌గా జనం ఎరిగిన మ్యూకోర్‌మైకోసిస్ కూడా ఇదే రకం. మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం దానికి దారి తెరిచాయి.

నేటి వాడుక

ఇప్పటి తెలుగులో ఈ మాట నామవాచకంగా అవకాశవాదం, మనిషికి అవకాశవాది, విశేషణంగా అవకాశవాద అనే రూపాల్లో నడుస్తోంది. అవకాశవాద పొత్తు, అవకాశవాద రాజకీయం అనే జంటలు పత్రికల్లో ఎక్కువ. సభల్లో, వార్తల్లో ఇది మర్యాదస్థుల తిట్టు. వీధి మాటల్లో దీని పని జంప్ జిలానీ, గోడ మీద పిల్లి చేస్తాయి, ఫిరాయింపుదార్లతో నిండిన పార్టీని కప్పల తక్కెడ అంటారు. కండువా మార్చడం, ప్లేటు ఫిరాయించడం అనే మాటలు పనిని చూపిస్తాయి, అవకాశవాదం ఆ పని వెనకున్న గుణాన్ని నిందిస్తుంది.

ఎవరైనా మారినప్పుడు ఈ మాట న్యాయమా కాదా అని తేల్చడానికి పైన చూసిన చరిత్రలో మూడు ఆనవాళ్లు దొరుకుతాయి. మార్పు వల్ల మారినవాడికి దక్కింది ఏమిటన్నది మొదటిది. చవాన్ సంఘం మంత్రి పదవుల లెక్క తీసింది దీనికోసమే. మారేటప్పుడు వదులుకున్నది ఏమిటన్నది రెండోది. సభ్యత్వానికి రాజీనామా చేసినవాడికీ, దాన్ని పట్టుకునే పక్షం మార్చినవాడికీ తేడా అక్కడ తెలుస్తుంది. వాయిదా వేసిన ఆశయం తర్వాత నెరవేరిందా, మరుగున పడిందా అన్నది మూడోది. గాంబెట్టా వర్గానికి క్షమాభిక్ష విషయంలో ఒక జవాబు, సైన్యం రద్దు విషయంలో మరో జవాబు వస్తాయి. మొదటి రెండు ఆనవాళ్లు అప్పటికప్పుడు కనిపిస్తాయి. మూడోదానికి ఏళ్లు పడుతుంది, కానీ ముద్ర మాత్రం మొదటి రోజే పడుతుంది.